ఫోటో వెనక్కి తిప్పితే: ఇటలీ యుద్ధంలో సైనికుల సొంత ఆల్బమ్‌లు

జీపు బానెట్ మీద ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని ఉంటారు. ఒకడి చేతిలో రేకు మగ్గు, ఇంకొకడి నోట్లో సిగరెట్టు. వెనకాల ఆలివ్ చెట్టుకీ గుడారం గుంజకీ మధ్య కట్టిన తాడు మీద బనియన్లు ఆరుతుంటాయి. ముగ్గురూ కళ్ళు చికిలించి చూస్తుంటారు. ప్రింటు అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఆరు సెంటీమీటర్లకు తొమ్మిది. అంచులు వంకీలు వంకీలుగా కత్తిరించి ఉంటాయి. వెనక పెన్సిల్‌తో 'ఇటలీ, 1944' అని రాసి ఉంటుంది, అంతే. ఇటలీలో పోరాడిన ఏ సైన్యం వాళ్ళ ఆల్బమ్ తెరిచినా ఇలాంటి ఫోటో ఒకటి దొరక్కపోదు.

ఇందులో యుద్ధం ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే తప్పు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యాలు 1943 జులై 10న సిసిలీలో దిగాయి, సెప్టెంబరులో ప్రధాన భూభాగం మీద కాలు పెట్టాయి. అక్కడి నుంచి ఏ నది దాటాలన్నా, ఏ కొండ ఎక్కాలన్నా ప్రాణాలు పెట్టాల్సి వచ్చింది. ఒక్క కసీనో ఊరి దగ్గరే నాలుగు నెలల్లో నాలుగుసార్లు యుద్ధం చేశారు. 1944 జూన్ 4న రోమ్ చేతికొచ్చాక కూడా ఉత్తరాన కొండల్లో ఇంకో చలికాలం గడపాల్సి వచ్చింది. ఇటలీలోని జర్మన్ సైన్యం లొంగుబాటు అమల్లోకి వచ్చింది 1945 మే 2న. ఇంత నెత్తురు పారిన చోటి నుంచి ఇళ్ళకు చేరిన ఫోటోల్లో ఎక్కువగా కనిపించేవి బట్టలు ఆరేసుకోవడం, టీ తాగడం, కుక్కపిల్లతో ఆడుకోవడం.

సైనికులు యుద్ధాన్ని దాచిపెట్టారని దీనికి అర్థం చెప్పడం తొందరపాటు. ఏది ఫోటో అవుతుందో, ఏది కాదో చాలావరకు మీట నొక్కకముందే తేలిపోయింది. తేల్చినవి కెమెరా, ఫిల్ము, వెలుతురు, సైన్యం నిబంధనలు. ఇక ఏది ఆల్బమ్‌లోకి చేరుతుందనేది వేరే కథ. అందులో స్టూడియోలూ, వీధి వ్యాపారులూ, స్నేహితుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉన్నాయి. కాబట్టి ఇలాంటి ఫోటో చేతిలోకి వచ్చినప్పుడు బొమ్మలో ఏముందో చూడటం కన్నా ముందు అది ఆ చేతికి ఎలా వచ్చిందో చూడాలి.

ముందు కెమెరా సంగతి. అప్పట్లో మామూలు మనిషి కొనగలిగింది డబ్బా కెమెరా, లేదంటే మడిచి జేబులో పెట్టుకునే చిన్న కొడాక్. జర్మన్ల దగ్గర ఆగ్ఫా, జైస్ ఐకాన్, డబ్బున్నవాళ్ళ దగ్గర లైకా ఉండేవి. అమెరికన్ల దగ్గర ఇటుక ఆకారంలో ఉండే ఆర్గస్ సీ3 ఉండేది, దాని ముద్దుపేరు కూడా 'ఇటుకే'. డబ్బా కెమెరాలో షట్టర్ వేగం సెకనులో ముప్పయ్యో వంతు, యాభయ్యో వంతు. మనిషి పరిగెత్తితే బొమ్మ చెదిరిపోతుంది. మూడు మీటర్ల కన్నా దగ్గరికి వెళితే మసకబారుతుంది. నీడలో తీస్తే ఏమీ పడదు. రీలుకు ఎనిమిది బొమ్మలు, చిన్న సైజు బొమ్మల కెమెరా అయితే పన్నెండో పదహారో. పైగా యుద్ధకాలంలో రీలు దొరకడమే కష్టం. ఎనిమిదే ఉన్నాయని తెలిసినవాడు ఒక్కటీ వృథా చేయడు. అందరినీ నిలబెడతాడు, సర్దుతాడు, కదలొద్దంటాడు, అప్పుడు నొక్కుతాడు.

ఆ ముగ్గురూ కళ్ళు చికిలించడానికి కారణం ఇదే. ఫోటో తీసేవాడి వీపు వెనక సూర్యుడు ఉండాలి అన్నది డబ్బా కెమెరాకు మొదటి పాఠం. ఎండంతా ఎదుటివాళ్ళ మొహం మీద కొడుతుంది. ఉదయమో సాయంత్రమో తీసిన ఫోటో అయితే కింది అంచున నేల మీద ఒక నీడ కూడా పడుతుంది. తల వంచుకుని, మోచేతులు పక్కలకు ఆనించి, నడుము దగ్గర పెట్టుకున్న డబ్బాలోకి చూస్తున్న మనిషి నీడ. తీసినవాడు ఎవరో తెలియని ఫోటోల్లో అతనికి మిగిలిన ఆనవాలు అదొక్కటే. పాత ఫోటోలు స్కాన్ చేసేటప్పుడు 'అందం కోసం' కత్తిరించేది కూడా సరిగ్గా ఆ ముక్కనే.

ఎండ లెక్క ఆల్బమ్ మొత్తాన్నీ వంకర తిప్పేస్తుంది. 1943 శీతాకాలంలో ఇటలీలో యుద్ధమంటే వాన, బురద. పొంగిన సాంగ్రో నది వంతెనల్ని కొట్టుకుపోయింది, కొండ దారుల్లో లారీ చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి, సామాన్లు కంచర గాడిదల మీద ఎక్కించాల్సి వచ్చింది. ఆ మబ్బు వెలుతురులో డబ్బా కెమెరా పనికిరాదు. దాంతో సైనికుల సొంత ఆల్బమ్‌లలో ఇటలీ అంటే ఎండ, నీడ, ద్రాక్షతోట. ఇంట్లో పిల్లలు ఆ పేజీలు తిప్పి 'తాతయ్య యుద్ధానికి వెళ్ళాడా, విహారానికి వెళ్ళాడా' అని నవ్వుకోవడంలో వింతేమీ లేదు. తర్వాతి ఏడాది అపెనైన్ కొండల్లో మంచు పడ్డప్పుడు మాత్రం తెల్లటి నేల వెలుతురును తిప్పికొట్టి కొంత సాయం చేసింది. అందుకే చలికాలపు ఫోటోల్లో బురద కన్నా మంచు ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెంటిలో ప్రాణం విసిగించింది బురదే.

ఫిల్ము స్వభావం ఇంకో చిక్కు. కొడాక్ వెరిక్రోమ్ లాంటి అప్పటి చవక ఫిల్ముకు ఎరుపు కనిపించదు, దాన్ని నల్లగా పట్టేస్తుంది. నీలం తెల్లబారిపోతుంది. ఆకాశం ఎప్పుడూ సున్నం కొట్టినట్టు ఉండటానికి, పెదవులు నల్లగా రావడానికి, అంబులెన్సు మీది ఎర్ర సిలువ నల్ల సిలువలా కనపడటానికి కారణం ఇదే. ఎండకు కందిన మొహం ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క నొక్కుతో నలుపు-తెలుపు ఫోటోకు రంగులద్దే యాప్‌లకు ఈ సంగతి తెలియదు. నల్లగా ఉన్నదాన్ని అవి నలుపనే అనుకుంటాయి. ఒంటి రంగు గురించీ, యూనిఫాం మీది బ్యాడ్జి రంగు గురించీ ఆ రంగుల బొమ్మ చూసి మాట్లాడటం వట్టి ఊహాగానం.

ఇక నిబంధనలు. బ్రిటిష్ సైన్యంలో యుద్ధరంగంలో సొంత కెమెరా వాడటం నిషేధం. డైరీ రాయడం కూడా నిషేధమే. శత్రువు చేతికి చిక్కితే దళం ఎక్కడుందో, ఏ ఆయుధాలున్నాయో తెలిసిపోతుందని భయం. అయినా అధికారుల సామాన్లలో కెమెరాలు ఉండనే ఉండేవి, పైవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అమెరికన్ సైన్యంలో కొంత వెసులుబాటు ఉంది కానీ ఫోటోలు సెన్సార్ చేతుల మీదుగా పోవాలి. జర్మన్ సైన్యం తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. సైనికులు ఫోటోలు తీసుకోవడాన్ని, ఇళ్ళకు పంపుకోవడాన్ని అక్కడ ప్రోత్సహించారు. ఎంతగా అంటే, కాల్చివేతలనూ ఉరితీతలనూ ఫోటో తీయొద్దని తర్వాత ప్రత్యేకంగా ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. తీస్తున్నారు కాబట్టే కదా తీయొద్దన్నారు.

దీని ఫలితం ఇవాళ్టికీ కనిపిస్తుంది. ఒకే కొండకు ఇటు పక్కనున్న బ్రిటిష్ జవాను దగ్గర ఏ ఫోటో లేకపోవచ్చు, అటు పక్కనున్న జర్మన్ దగ్గర రెండు రీళ్ళ బొమ్మలు ఉండొచ్చు. ఏ పక్షం ఎక్కువ చూసింది, ఎక్కువ బాధపడింది అనేదానికి ఫోటోల సంఖ్య కొలత కాదు.

ఫోటో ఎప్పటిదో చెప్పే ఆనవాళ్ళు ఇటలీలో ఉన్నంత బాగా మరెక్కడా దొరకవేమో. నేపుల్స్ పక్కనున్న అగ్నిపర్వతం వెసూవియస్ కొండనే తీసుకుంటే, 1944 మార్చి వరకు దాని నెత్తిన ఎప్పుడూ పొగ కుచ్చు ఉండేది. మార్చి 18న విస్ఫోటనం మొదలైంది. సాన్ సెబాస్తియానో ఊరిని లావా మింగేసింది. పాంపే దగ్గర విమానాశ్రయంలో నిలిపి ఉన్న దాదాపు 80 అమెరికన్ బాంబర్ విమానాలు వేడి బూడిద కింద పాడైపోయాయి. శత్రువు కూడా ఒకే దెబ్బకు అన్ని విమానాలను ఎప్పుడూ నాశనం చేయలేదని అప్పట్లో సైనికులు అనుకుని ఉంటే తప్పుపట్టలేం. విస్ఫోటనం సద్దుమణిగాక కొండ చల్లబడింది, ఇప్పటిదాకా మళ్ళీ పేలలేదు. కాబట్టి మిత్రరాజ్యాల సైనికుడి వెనక కొండ నిదానంగా పొగ వదులుతూ కనిపిస్తే ఆ ఫోటో 1943 అక్టోబరుకూ 1944 మార్చికీ మధ్యది. ఆకాశమంతా నల్లటి మేఘం కమ్ముకుని ఉంటే ఆ పది రోజుల్లోది. శిఖరం బోడిగా ఉంటే ఆ తర్వాతిది. వెనక ఎవరు ఏ తేదీ రాసినా సరే, కొండ మాటే నమ్మాలి.

ఫ్లోరెన్స్‌లోనూ అంతే. 1944 ఆగస్టు 3 రాత్రి నుంచి 4 తెల్లవారేలోగా జర్మన్లు ఆర్నో నది మీది వంతెనలన్నీ పేల్చేశారు, పోంటే వెక్కియో ఒక్కటే మిగిలింది. నది ఒడ్డున నిలబడి దిగిన ఫోటోలో మొండి స్తంభాల మీద సైన్యం విడి భాగాలు బిగించి కట్టే ఇనుప వంతెన, బెయిలీ బ్రిడ్జి కనిపిస్తే తేదీ వెతుక్కోనక్కర్లేదు. కసీనో గుట్ట మీది మఠం నిండుగా ఉంటే అది 1944 ఫిబ్రవరి 15కు ముందుది. ఆ రోజు రెండు వందలకు పైగా బాంబర్లు దాన్ని నేలమట్టం చేశాయి. అసలు కసీనో ఫోటోల్లో చాలావరకు మే 18న గుట్ట చేతికొచ్చిన తర్వాత ఆరో నంబరు రోడ్డు మీద లారీల్లో వెళుతూ తీసినవే. పోరాడుతున్నప్పుడు అక్కడ పగలు తల ఎత్తడమే గగనం. ఫోటో ఉన్నవాడు శిథిలాల్ని చూసినవాడు. వాటిలో పోరాడినవాడి దగ్గర ఫోటో ఉండే అవకాశం తక్కువ.

ఆల్బమ్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి ఆల్బమ్ యజమాని తీయని ఫోటోలు. రీలు కడిగించడానికి సైనికులు నేపుల్స్‌లోనో బారీలోనో రోమ్‌లోనో స్టూడియోకు వెళ్ళేవాళ్ళు. అందుకే ప్రింటు వెనక ఇటలీ కంపెనీ ఫెర్రానియా ముద్రో, బెల్జియం కంపెనీ గెవర్ట్ ముద్రో కనిపిస్తుంది. అదే గల్లా మీద అమ్మకానికి వేరే బొమ్మలు కూడా ఉండేవి. రోమ్‌లో కొలోసియం, పీసాలో ఒరిగిన గోపురం, పాంపేలో గోడచిత్రాలు. స్నేహితుడి నెగెటివ్ నుంచి పది మంది పది ప్రింట్లు వేయించుకునేవాళ్ళు. బందీగా పట్టుబడ్డ జర్మన్ జేబులోంచి తీసుకున్న ఫోటోలు, అతని కెమెరా, దాంట్లో ఇంకా కడగని రీలు కూడా మిత్రరాజ్యాల సైనికుల పెట్టెల్లోకి చేరాయి. ఇవన్నీ తర్వాత ఒకే జిగురుతో ఒకే నల్ల పేజీ మీద అంటించాక తేడా చెప్పడం కష్టం.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ మిలాన్‌లోని పియాజాలే లొరేతో. 1945 ఏప్రిల్ 28న కాల్చి చంపిన ముస్సోలినీ శవాన్ని, అతని ప్రియురాలు క్లారా పెటాచీ శవాన్ని, మరికొందరి శవాలను 29న ఆ కూడలిలో పెట్రోలు బంకు దూలానికి తలకిందులుగా వేలాడదీశారు. ఆ దృశ్యం ప్రింట్లు రోజుల్లోనే పోస్టుకార్డుల్లా అమ్ముడుపోయాయి. మిలాన్ మొహం చూడని సైనికుల ఆల్బమ్‌లలో కూడా అవి ఉన్నాయి. 'మా నాన్న అక్కడే ఉన్నారు, ఫోటో కూడా ఉంది' అని ఆ ఇంటివాళ్ళు నమ్ముతారు. నాన్న అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, అసలు ఏమీ చెప్పి ఉండకపోవచ్చు. ఆల్బమ్‌లో ఉందంటే ఆయనే తీసి ఉంటారని మిగిలిన కథ ఇంట్లోవాళ్ళే అల్లుకుంటారు. పరీక్ష తేలికే. పక్కనున్న ఫోటోలతో పోలిస్తే దాని సైజు, కాగితం మందం, అంచుల కోత వేరుగా ఉంటాయి, నాణ్యత ఉన్నట్టుండి పెరుగుతుంది. డబ్బా కెమెరా వాడే మనిషి ఒక్క ఫోటోకి మాత్రం గొప్ప ఫోటోగ్రాఫర్ అయిపోడు కదా.

వెనక రాత విషయంలోనూ ఇలాంటి మోసాలు ఉన్నాయి. బాల్ పెన్నుతో రాసి ఉంటే అది యుద్ధం నాటి రాత కాదు. ఆ పెన్ను మామూలు జనం చేతికొచ్చింది యుద్ధం ముగిశాకే. పెన్సిల్ రాతను, రంగు మారిన సిరా రాతను ఎక్కువ నమ్మొచ్చు. అయితే అప్పటి సెన్సార్ వల్ల ఊరి పేరు రాయకుండా 'ఇటలీలో ఒకచోట' అని వదిలేయడమే ఎక్కువ. తర్వాత ముప్పై నలభై ఏళ్ళకు, జ్ఞాపకం మీద ఆధారపడి, మనవళ్ళు అడిగితే రాసిన పేర్లలో నదులు తారుమారవుతాయి, సంవత్సరాలు జరుగుతాయి.

రాత తప్పితే ఎంత దూరం పోతుందో జర్మనీలో తెలిసొచ్చింది. హాంబర్గ్‌లోని ఒక పరిశోధనా సంస్థ జర్మన్ సైన్యం చేసిన నేరాల మీద 1995లో ఒక ప్రదర్శన పెట్టింది. అందులో సైనికులు సొంతంగా తీసుకున్న ఫోటోలు చాలా ఉన్నాయి, ఎక్కువగా తూర్పు రంగానివి. కొన్ని ఫోటోల కింది రాతలు తప్పని, చంపింది జర్మన్లు కాదని చరిత్రకారులు ఎత్తిచూపడంతో 1999లో దాన్ని మూసేసి విచారణ సంఘం వేశారు. పద్నాలుగు వందలకు పైగా ఫోటోల్లో అలా అక్కడ ఉండకూడనివి ఇరవై లోపే అని తేలింది. ప్రధాన వాదన నిలబడింది. కానీ ఆ కొన్ని ఫోటోల పేరు చెప్పి మొత్తం అబద్ధమని కొట్టిపారేయడానికి కాచుకున్నవాళ్ళకు మాత్రం దారి దొరికింది. ఇటలీలో సాంతన్నా ది స్తాజ్జేమా, మార్జబొత్తో లాంటి చోట్ల 1944లో వందల మంది గ్రామస్తులను జర్మన్ దళాలు చంపాయి. అలాంటి ఊళ్ళ చుట్టుపక్కల తిరిగిన సైనికుడి ఆల్బమ్‌లో నవ్వుతున్న మొహాలు, ద్రాక్ష గుత్తులు కనిపిస్తే వాటికి పక్కన ఏం రాయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

కొన్నిసార్లు ఫోటో లేకపోవడమే కథను పెంచుతుంది. పోలిష్ సైన్యంతో పాటు ఇటలీకి వచ్చిన వోయ్‌టెక్ అనే ఎలుగుబంటి పేరు చాలామంది వినే ఉంటారు. దానికి సిపాయి హోదా ఇచ్చి 22వ ఫిరంగి సరఫరా కంపెనీ జాబితాలో చేర్చారు. కసీనో దగ్గర అది ఫిరంగి గుండ్ల పెట్టెలు మోసిందని తోటి సైనికులు చెప్పారు, ఆ కంపెనీ చిహ్నం కూడా గుండు మోస్తున్న ఎలుగే. సైనికుల సొంత ఫోటోల్లో మనకు కనిపించే వోయ్‌టెక్ మాత్రం కుస్తీ పడుతూ, సీసా ఎత్తి తాగుతూ, లారీ పక్కన కూర్చుని ఉంటుంది. మోసిందా లేదా అన్న వాదన ఎలా ఉన్నా, ఆ ఫోటోలు చెప్పే సంగతి ఒకటుంది. విశ్రాంతి వేళలోనే కెమెరా బయటికొచ్చేది.

భారతీయ సైనికుల దగ్గరికి వచ్చేసరికి పేజీలు ఖాళీ. ఇటలీలో 4, 8, 10 భారతీయ డివిజన్లు పోరాడాయి. దాదాపు 50 వేల మంది వెళ్ళారు, 5,700 మందికి పైగా తిరిగి రాలేదు. అక్కడ ఇచ్చిన 20 విక్టోరియా క్రాస్ శౌర్య పతకాల్లో ఆరు ఈ డివిజన్ల వాళ్ళకు దక్కాయి. కానీ సిపాయి జీతంతో కెమెరా కొని, రీళ్ళు కొని, కడిగించుకోవడం అయ్యే పని కాదు. దాంతో వాళ్ళ ఫోటోలు రెండే చోట్ల మిగిలాయి. ఒకటి, సైన్యం ప్రచార విభాగాల సేకరణలు. ఆ ఫోటోల కింద చాలాసార్లు సిపాయి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి, ఎందుకంటే అవి ఇక్కడి పత్రికలకు పంపడం కోసం తీసినవి. రెండు, బ్రిటిష్ అధికారుల సొంత ఆల్బమ్‌లు. అక్కడ అదే మనిషి 'నా డ్రైవర్', 'నా ఆర్డర్లీ' అయిపోతాడు. ప్రచారం కోసం తీసిన ఫోటోలో పేరు మిగిలి, ఆప్యాయంగా దాచుకున్న ఫోటోలో పేరు పోవడం చేదు సంగతే.

తెలుగువాళ్ళకు ఇందులో సంబంధం ముఖ్యంగా మద్రాస్ సాపర్స్ ద్వారా ఉంది. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం ఆ దళాల పని. మద్రాసు రాష్ట్రంలోని తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు కలిసి పనిచేసిన రెజిమెంటు అది. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర మందుపాతర పేలబోతుంటే తోటివాళ్ళను కాపాడటానికి దాని మీద పడి ప్రాణమిచ్చిన సుబేదార్ సుబ్రమణ్యం ఈ దళం మనిషే. తమిళుడు. ఆయనకు మరణానంతరం జార్జి క్రాస్ ఇచ్చారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాంటి ఊళ్ళ నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్ళారు, ఆ ఊరిని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఇళ్ళలో పటం కట్టించి గోడకు పెట్టిన యూనిఫాం ఫోటో ఉంటే, ఆ మనిషి ఇటలీలో ఉన్నాడో బర్మాలో ఉన్నాడో ఎదురుగా చూసి చెప్పలేం. పటం విప్పి వెనక చూడాలి. స్టూడియో ముద్ర బారీదో, రోమ్‌దో, కైరోదో అయితే సగం చిక్కు వీడినట్టే. భుజం మీద ఎర్ర గద్ద గుర్తు ఉంటే నాలుగో డివిజన్. గద్ద గుర్తులో ఎరుపు కూడా నల్లగానే పడి ఉంటుంది, కాబట్టి రంగు వెతక్కుండా ఆకారం చూడాలి.

అధికారుల ఆల్బమ్‌లలో తరచూ కనిపించే మరో ఫోటో ఉంది, బెయిలీ బ్రిడ్జి. విడి భాగాలుగా లారీల్లో తెచ్చి పిన్నులతో బిగించే ఈ ఇనుప వంతెనలు లేకపోతే ఇటలీలో సైన్యం ఒక్క నది కూడా సమయానికి దాటేది కాదు. ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, బరువు దాదాపు 260 కిలోలు, మోయడానికి ఆరుగురు కావాలి. అలాంటి ఫోటోలో గట్టు మీద నడుము మీద చేయి వేసుకుని నిలబడ్డ అధికారి మొహం స్పష్టంగా పడుతుంది, ఎందుకంటే అతను ఫోటో కోసం ఆగాడు. పక్కన ప్యానెల్ మోస్తున్న ఆరుగురు ఆగలేదు. సెకనులో ముప్పయ్యో వంతులో వాళ్ళ కాళ్ళు చెదిరిపోయి, మొహాలు బూడిద రంగు గీతల్లా సాగిపోయి ఉంటాయి. వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో వంతెన పొడవు రాసి ఉంటుంది, అడుగుల్లో.